మూడో వన్స్‌మోర్

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. నూకాలు పోయిన పదకొండో రోజున మల్కాపురంలో కళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆమె గొంతును మూరెడు ఉంటే బారెడు చేసి చెప్పాడు. ఒకాయన ఆమె రాగం తీస్తే రేవులో ఓడలు నిలిచిపోయేవన్నాడు. ఓడలు నిలిచింది సమ్మెలకి, రాగానికి కాదు. అయినా సంస్మరణ సభలో అడ్డుప్రశ్న వేసేవాడు ఎవడుంటాడు?

సభ జరిగింది ఆమె పెట్టిన నాట్యమండలి రేకుల షెడ్డులోనే. 1986 మే నెల, సాయంత్రం నాలుగు గంటలు. నెత్తిన రేకులు పెనంలా కాలుతున్నాయి. స్టేజీ మీద నూకాలు ఫోటో కిరీటం పెట్టుకుని, మీసం మెలేసి ఉంది. చీరలో తీయించుకున్న ఫోటో ఇల్లంతా వెతికినా దొరకలేదట. ఫోటో పక్కన ఒక హార్మోనియం పెట్టె, దాని వెనక ఎవరూ కూర్చోని ఒక దిండు, ఎదుటి గోడకి వేలాడుతూ ఒక కర్ర గద.

అధ్యక్షుడు సన్యాసిరాజు. ఒకప్పుడు పోర్టులో కలాసీల మేస్త్రీ, ఇప్పుడు మండలికి ప్రెసిడెంటు. మైకు దగ్గర కళ్ళొత్తుకుని చెప్పాడు.

"అప్ప గొంతు దేవుడు తీసుకోనేదు బాబూ. మనిసి తీసీసేడు. తాంబూలంలో సింధూరం ఎట్టి తీసీసేడు. ఆ మనిసి ఎవడో మీ అందరికీ తెల్సు. నాను ఆడి పేరు సెప్పి ఈ మైకుని మైల సేయను."

పద్యం పాడేవాళ్ళకి సింధూరమంటే పాముకంటే భయం. పడనివాళ్ళెవరైనా తాంబూలంలో చిటికెడు కలిపి పెట్టారంటే గొంతు మరి జన్మలో పలకదని నాటకాల వాళ్ళ నమ్మకం. కింద కూర్చున్న జనం ఒక్కసారిగా "థూ" అన్నారు. కొందరు నిజంగానే ఉమ్మేశారు.

ముందు వరుసలో గవర్రాజు తల వంచుకుని కూర్చున్నాడు. తరవాత మాట్లాడవలసింది అతనే. కాకినాడ అవతలి పల్లె నుంచి పోర్టు పనికొచ్చి, ఈ మండలిలో పదిహేనేళ్ళుగా రాక్షసుడి వేషం కట్టిన మనిషి. యాభై దాటినా ఇంకా దూలంలా ఉంటాడు. అతని చూపు మాటిమాటికీ గేటు దగ్గరికి పోతోంది. అక్కడ స్తంభాన్ని ఆనుకుని ఒక బక్కపలచని ముసలాయన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ కండువా మడతల్లో దాచుకున్నాడు. సన్యాసిరాజు పేరు చెప్పనన్నది ఆయన గురించే. ఒకప్పటి మండలి హార్మోనిస్టు భీమశంకరరావు. పదకొండేళ్ళ తరవాత మల్కాపురంలో అడుగుపెట్టడం ఇదే.

ఆయన్ని రప్పించింది నూకాలే. పోయేముందు గవర్రాజు చేత కార్డు రాయించింది. మిగిలిన ఆ కాస్త బొంగురు గొంతుతో, "నాను పోనాక సబ ఎడతారు. పంతుల్ని రమ్మను. ఆయన ముందర నువ్వు సెప్పాల. రెండూ సెప్పాల," అంది. చేతిలో చెయ్యి వేయించుకుంది.

రెండూ అంటే, ఒకటి గవర్రాజు చేసింది. రెండోది నూకాలు చేసింది. తను చేసింది చెప్పి తీరాలని గవర్రాజు గట్టిగానే అనుకున్నాడు. రెండోదే అతన్ని మింగలేక కక్కలేక చేస్తోంది. అది నూకాలుతో పాటు కాలిపోయిందనుకుంటే ఎవరికి నష్టం? కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తే అలా అనుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలడం లేదు.

నూకాలు పన్నెండేళ్ళకే పోర్టులో ఇనపరాయి తట్టలు మోసింది. తండ్రి బస్తాల మోపు తెగి మీద పడి చచ్చిపోతే, ఆ మర్నాడే తల్లి ఆమె నెత్తిన తట్ట పెట్టింది. ఆ ఎర్రధూళి అంతా మింగిన గొంతు అంత తేటగా ఎలా పలికేదో దేవుడికి తెలియాలి. జాతరల్లో నాటకం గుడారాల వెనక నిలబడి పద్యాలు నేర్చుకుంది. మొదట ఆడవేషాలు కట్టింది. తరవాత, "రాణికి మూడు పద్యాలు, రాజుకి ముప్పై. నాకు రాజే గావాల," అని మీసం అతికించుకుంది.

మొగుడు తాతబాబు టగ్గు మీద పని. పెళ్ళాం మీసం పెట్టుకుని నలుగురిలో పాడడం అతనికి నచ్చలేదు. నచ్చనప్పుడల్లా కొట్టేవాడు, అంటే రోజూ. 1970లో గోపాలపట్నం జాతరలో ఆమె పద్యం మధ్యలో ఉండగా తాగి స్టేజీ ఎక్కి జుట్టు పట్టుకు ఈడ్చాడు. కిరీటం దొర్లిపోయింది. నూకాలు రాగం ఆపలేదు. చేతిలో ఉన్న కత్తి పిడితో తాతబాబు మూతి మీద ఒక్కటిచ్చింది. ముందుపళ్ళు రెండు రాలిపడ్డాయి. జనం అది నాటకంలో భాగమే అనుకుని "వన్స్‌మోర్!" అని కేకలు వేశారు. నూకాలు జనం మాట తీసేసే మనిషి కాదు. వాళ్ళకి వంగి దండం పెట్టి, పద్యం మొదటినుంచీ ఎత్తుకుని, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి తాతబాబుని మళ్ళీ కొట్టింది. ఆ రెండో దెబ్బతో అతను మల్కాపురమే వదిలిపోయాడు.

తరవాతి వారమే ఆమె సొంతంగా మండలి పెట్టింది. నటులు కలాసీలు, క్రేను మనుషులు, ఆయిలు కంపెనీలో డ్రమ్ములు దొర్లించేవాళ్ళు. పద్యం రాని వాళ్ళకి పద్యం నేర్పింది, రెండు చెంపలూ వాయించి మరీ. తాగి వస్తే తన్నేది. శ్రుతి తప్పితే స్టేజీ మీదే గిల్లేది. 1971లో చేరిన గవర్రాజు మొదటి రోజే చెంపదెబ్బ తిన్నాడు. "ఏటి, రాక్ససుడివా, పెళ్ళికొడుకువా? ఆ నడకేటి?" అంది. అలాంటి అప్ప కోసం ప్రాణమైనా ఇస్తామనేవాళ్ళు వాళ్ళందరూ. తిట్టి కొట్టే మనిషి ఒక్కరైనా లేని ఊళ్ళో పడ్డవాడికి అదే పుట్టిల్లు.

మండలిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. నూకాలు కుడిచెయ్యి పైకెత్తిందంటే ఏదైనా ఆగిపోవాలి, అది పాట కానీ, తెర కానీ, జనం తన్నులాట కానీ. ఇక జనం వన్స్‌మోర్ అన్నారంటే ఎవరు ఎలా ఉన్నవాళ్ళు అలాగే బిగుసుకుపోవాలి. పద్యం మళ్ళీ పూర్తయ్యేదాకా కనురెప్ప కూడా కదపకూడదు.

భీమశంకరరావు వన్ టౌన్‌లో పిల్లలకి సంగీతం చెప్పుకునే మాస్టారు. కలాసీలు ఆయన్ని పంతులుగారనేవారు, నూకాలు ఒక్కతే పంతులూ అనేది. ఆమె రాగం ఏ మలుపు తిరగబోతోందో ఆమెకంటే ముందే ఆయన వేళ్ళకి తెలిసేది. వాళ్ళిద్దరి మధ్యా ఇంకేమైనా ఉందా అని పనిలేనివాళ్ళు అనుకోకపోలేదు. ఉన్నది అదే, రాగం. నాటకం అయ్యాక ఆయన జాజికాయ ముక్క వేసి తాంబూలం చుట్టి ఇచ్చేవాడు. ఆయన చేతి తాంబూలం తప్ప ఆమె వేరే వాళ్ళది ముట్టేది కాదు.

1975 వేసవిలో వన్ టౌన్‌లో ఇంకో కంపెనీ లేచింది. వాళ్ళు భీమశంకరరావుని పిలిచారు. ఇల్లు పక్కనే, రాత్రిళ్ళు బస్సుల కోసం పడిగాపులు పడక్కర్లేదు. ఆయన సరేనన్నాడు. ఈ సీజను చివరి నాటకం వాయించి వెళ్తానని నూకాలుకి ఎదురుగానే చెప్పాడు. ఆమె, "ఎల్లు, మంచిదే కదా," అని ఊరుకుంది. అంత సులువుగా ఊరుకోవడం ఆమె స్వభావం కాదని అప్పుడెవరికీ తోచలేదు.

ఆ చివరి నాటకానికే గవర్రాజు కొత్త గద చేసుకున్నాడు. అంతకుముందు ఆటలో అతని అట్ట గద మధ్యకి విరిగి వేలాడితే జనం పగలబడి నవ్వారు. నూకాలూ నవ్వింది. ఆ నవ్వు గవర్రాజుకి ఎక్కడో గుచ్చుకుంది. ఓడలో సరుకు కింద పరిచే బరువైన కర్ర దుంగ ఒకటి పట్టుకొచ్చి, నాలుగు రోజులు చెక్కి, బంగారు రంగు వేశాడు. నూకాలు ఒకసారి ఎత్తి చూసి కింద పడేసింది.

"ఇదేటిరా, మనిసిని సంపడానికా? ఒద్దు. అట్టదే తే."

"నాకు అలవాటేనండప్పా. ఓడలో ఇంతకు పదింతలు ఎత్తుతాను," అన్నాడు గవర్రాజు.

ఎత్తడం వేరు, ఎత్తి పట్టుకోవడం వేరు. ఆ తేడా గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది.

నాటకం రాత్రంతా నడిచి, ఆఖరి యుద్ధం తెల్లవారు వెలుగులోకి వచ్చింది. మొత్తం ఆటకి జనం కాసుకుని కూర్చునేది ఆ ఘట్టం కోసమే. రాజు అఠాణా రాగంలో పద్యం పాడతాడు. పాడుతున్నంతసేపూ రాక్షసుడు గద ఎత్తి నిలబడతాడు. రాగం ముగియగానే గద మెడమీదికి విసురుతాడు. రాజు వంగి తప్పించుకుంటాడు. నూటికి పైగా ఆడిన ఆట, కళ్ళు మూసుకుని చేయగలరు ఇద్దరూ.

నూకాలు పద్యం ముగించింది. వన్స్‌మోర్ పడింది. గవర్రాజు గద ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. ఆమె మళ్ళీ పాడింది. రెండో వన్స్‌మోర్ పడింది. ఈసారి గవర్రాజు భుజాలు మండాయి, చేతులు వణికాయి. జనంలోంచి ఎవడో, "ఓరి, రాక్ససుడికి సలిజొరం ఒచ్చీసిందిరో!" అని అరిచాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది. పద్యం పాడుతున్న నూకాలు పెదవి చివర కూడా నవ్వు కదిలింది. అట్ట గద నాటి నవ్వే అది. గవర్రాజు చూశాడు.

మూడోసారి రాగం ముగిసింది. మూడో వన్స్‌మోర్ పడింది. దండం పెట్టడానికి నూకాలు నిటారుగా నిలబడి, తల ఎత్తి, జనం వైపు తిరిగింది. గవర్రాజు గద విసిరాడు.

గొంతు మీద తగిలింది. పచ్చికొబ్బరి చిప్ప పగిలినట్టు చిన్న చప్పుడు. అంతే, పక్కన కూర్చున్న హార్మోనియం మనిషికి తప్ప వినపడలేదు. నూకాలు పడిపోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, నోరు తెరిచింది. నోట్లోంచి గాలి కూడా రాలేదు. భీమశంకరరావు క్షణం ఆలస్యం చేయలేదు. పద్యం మొత్తాన్ని హార్మోనియం మీద ఎత్తుకుని, పెట్టె బద్దలయ్యేలా వాయించాడు. నూకాలు పెదవులు కదుపుతూ, కత్తి తిప్పుతూ, రాక్షసుణ్ణి పొడిచి, తెర పడేదాకా నిలబడింది. జనం ఈలలు వేసుకుంటూ ఇళ్ళకి పోయారు. తెర వెనక భీమశంకరరావు తాంబూలం చుట్టి ఆమె చేతిలో పెట్టాడు, ఎప్పటిలాగే. అదే ఆయన కొంప ముంచింది.

మూడు రోజులైనా నూకాలు నోట మాట రాలేదు. మెడకి పసుపు పట్టించి, గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం కలాసీలంతా పోగయ్యారు. సన్యాసిరాజు ఆమె తాంబూలం డబ్బా మూత తీసి, అడుగున ఎర్రటి మరక గోటితో గీకి చూపించాడు. అది కుంకుమ కావచ్చు, వక్క పొడి కావచ్చు. అతనికి మాత్రం సింధూరం కనిపించింది.

"పంతులు ఆళ్ళ కంపినీకి ఎల్తన్నాడా నేదా? ఎల్లే ముందు అప్ప గొంతు కోసీసి ఎల్తన్నాడు బావా! నిప్పు నేందే పొగొత్తాదేటి?"

ఆ మాట వినగానే గవర్రాజు గుండెల మీది బండ దిగిపోయింది. ఆ హాయిని తరవాత ఇన్నేళ్ళూ అతను అసహ్యించుకున్నాడు కానీ, ఆ క్షణంలో అది చల్లటి నీళ్ళలా ఉంది. అందరికంటే ముందు లేచింది అతనే.

వెతుక్కుంటూ వెళ్ళే పని కూడా లేకపోయింది. మిరియాల కషాయం చెంబులో పోసి, పైన గుడ్డ కప్పి పట్టుకుని, భీమశంకరరావే సందులోకి వస్తున్నాడు. చెంబు ఎగిరి గోడకి తగిలింది. చొక్కా పట్టుకుని అరుగు ముందుకి ఈడ్చుకొచ్చి పడేశారు. కళ్ళజోడు ఎవరి కాలికిందో పడి నలిగింది. కడుపులో తన్నారు, మొహం మీద తన్నారు.

"గదరా! గద తగిలింది! నేను చూశాను!" అని ఆయన నెత్తురు కక్కుతూ అరిచాడు. "గవర్రాజుని అడగండి!"

అందరూ గవర్రాజు వైపు చూశారు. ఈ కథలో అతను మనిషిగా మిగలడానికి దొరికిన ఒకే ఒక్క అదను అది.

"నా గద జానెడు ఎడంగా పోయింది. పంతులు అబద్ధం ఆడతన్నాడు," అన్నాడు.

అబద్ధానికి కాళ్ళుండవు, చేతులుంటాయి. నూకాలు ఇంట్లోంచి మండలి హార్మోనియం తెచ్చి బయట పెట్టారు. సన్యాసిరాజు, ఇంకో ఇద్దరు కలిసి భీమశంకరరావు చేతులు రెండూ మూసిన మూత మీద పరిచి మణికట్లు తొక్కిపట్టారు. గద తెచ్చింది గవర్రాజు. ఎత్తింది గవర్రాజు.

భీమశంకరరావు అప్పుడు అతన్ని చూడలేదు. అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడ్డ నూకాలుని చూశాడు.

"నూకాలమ్మా, చెయ్యెత్తు తల్లీ. ఒక్కసారి చెయ్యెత్తు."

మాట లేకపోయినా చెయ్యి ఉంది. ఆ చెయ్యి లేస్తే అక్కడున్న ముప్పైమందీ బొమ్మలైపోయేవారు. గవర్రాజు కూడా ఆగి, ఆమె వైపు చూశాడు. లేస్తుందనే అనుకున్నాడు. లేవాలని లోపలెక్కడో కోరుకున్నాడు కూడా. నూకాలు కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. చెయ్యి ఎత్తలేదు.

కుడిచేతి మీద రెండు దెబ్బలు, ఎడమచేతి మీద ఒకటి. మూడింటికీ ఆయన అరిచిన అరుపు ఏ రాగంలోనూ లేదు.

పదిరోజుల తరవాత గవర్రాజే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు గొంతు తడిమి, "లోపల చితికింది. ఎవరు కొట్టారమ్మా?" అన్నాడు. నూకాలు గవర్రాజుని చూసి, మెట్లు దిగుతూ పడ్డానని చేత్తో సైగ చేసింది. కొన్నాళ్ళకి బొంగురు గొంతు ఒకటి వచ్చింది. దానితో పద్యం పాడలేకపోయినా తిట్టగలిగేది. మండలి ఆగలేదు. బెత్తం పట్టుకుని కొత్తవాళ్ళకి నేర్పింది, నేర్పి కొట్టింది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు కూడా చేరారు. ఆ హార్మోనియాన్ని మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆట ఎక్కడైనా అది స్టేజీకి కుడివైపున, దాని వెనక ఖాళీ దిండు. కొత్త హార్మోనిస్టు ఇంకో పెట్టెతో ఎడమవైపు కూర్చోవాలి. గద గోడకి వేలాడదీయించి, శుక్రవారం శుక్రవారం గవర్రాజు చేతే తుడిపించింది. పదకొండేళ్ళు అతన్ని ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండునని గవర్రాజు ఎన్నిసార్లు ఏడ్చాడో.

"ఇప్పుడు మన గవర్రాజు మాట్లాడతాడు," అన్నాడు సన్యాసిరాజు.

గవర్రాజు స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నాడు. ఫోటో వైపు చూడలేదు. గేటు వైపు చూసి మొదలుపెట్టాడు.

"సింధూరం లేదండి. ఏం లేదండి. అప్పని నా గద కొట్టింది. నేనే కొట్టానండి. మూడోసారి వన్స్‌మోర్ పడింది. నాకు వినపడింది. వినపడే కొట్టాను. పంతులుగారు నిజం చెబితే నేను అబద్ధమాడి ఆయన వేళ్ళిరగ్గొట్టాను."

మొదటి కుర్చీ వచ్చి అతని మోకాలికి తగిలింది. కలాసీల కొడుకులు, నూకాలు చేతి దెబ్బలు తిని పెరిగిన కుర్రాళ్ళు ఒక్కసారిగా స్టేజీ మీదికి ఎగబడ్డారు. మైకు స్టాండుతోనే కొట్టారు. గవర్రాజు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది, పక్కటెముక విరిగింది. అధ్యక్షుడు సన్యాసిరాజు మరీ ఎక్కువగా కొట్టాడు. ఆ రోజు మణికట్లు తొక్కిపట్టిన కాళ్ళు తనవే కాబట్టి, ఆ పాపం ఇవాళ ఒక్కడి నెత్తిన రుద్ది కడుక్కోవాలి. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, తన పిడికెడు ఎవడూ ఉంచుకోడు.

ఎవడో గోడ మీది గద దించాడు. ఇద్దరు గవర్రాజు కుడిచేతిని లాగి అదే హార్మోనియం మూత మీద పరిచారు.

"ఆగండి," అన్నాడు భీమశంకరరావు.

ఆయన ఎప్పుడు స్టేజీ ఎక్కాడో ఎవరూ చూడలేదు. పైకెక్కే తోపులాటలో కండువా జారిపోయింది. చొక్కా పైగుండీ విడిపోయింది. పది వేళ్ళు అల్లంకొమ్ముల్లా వంకర్లు తిరిగి, ముడుచుకోకుండా, చాచుకోకుండా ఉన్నాయి. ఆ చేతుల్ని చూసి కుర్రాళ్ళు వెనక్కి తగ్గారు. సన్యాసిరాజు గద ఆయన ముందు పట్టి, "పంతులుగారూ, తప్పయిపోనాది. తవరే కొట్టండి," అన్నాడు.

ఆయన గద వైపు చూడనైనా చూడలేదు. గవర్రాజు ముందు గొంతుకూర్చున్నాడు.

"నువ్వు కొట్టావని నాకు తెలుసు. నేను దానికోసం రాలేదు. ఆవిడ చెయ్యెందుకు ఎత్తలేదు? పదకొండేళ్ళు నిద్రపోలేదు నేను. నేను సింధూరం పెట్టానని నమ్మిందా?"

ఇదే రెండోది. గవర్రాజు నోట్లో నెత్తురు ఊరింది. నమ్మిందండి, పాపం, ఏదో భ్రమపడింది అని ఒక్క మాట అంటే అయిపోతుంది. నూకాలు పేరు దేవతలా నిలిచిపోతుంది, ముసలాయనకి నిద్రా పడుతుంది. అతను ఫోటో వైపు చూశాడు. మీసం కింద ఆ పెదవి చివర అదే నవ్వు.

"నమ్మలేదండి. గద తగిలిన మనిషికి తెలీదాండి?" అన్నాడు. "చచ్చిపోయే ముందు నాతో చెప్పింది. 'నా గొంతు పోనాక ఆ వేళ్ళు ఎల్లి ఇంకో గొంతుకి వాయించేత్తాయి కదా. అది నాకు సయించనేదు. అందుకే సెయ్యెత్తనేదు. తెలిసే ఎత్తనేదు. నాను సచ్చినాక పంతులుకి సెప్పు,' అంది."

"అప్ప మీద నింద ఏత్తావురా!" అని సన్యాసిరాజు గవర్రాజు దవడ మీద తన్నాడు. కుర్రాళ్ళు మళ్ళీ కలియబడ్డారు. "అబద్ధం! అబద్ధం!" అని షెడ్డంతా అరిచింది. గవర్రాజు కింద పడి, పంతులుగారి కాళ్ళే చూస్తూ తన్నులు తిన్నాడు.

ఆ కాళ్ళు కదిలాయి. భీమశంకరరావు హార్మోనియం దగ్గరికి వెళ్ళాడు. పదకొండేళ్ళ కుంకుమ బొట్లతో, తనకోసం వేసిన దిండుతో అది అలాగే ఉంది. వేళ్ళతో పట్టుకోలేక, రెండు మణికట్లూ పెట్టె అడుగున దూర్చి, ఛాతీ ఆన్చి నెట్టాడు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి నెట్టాడు. మూడోసారికి అది స్టేజీ అంచు దాటి, తలకిందులుగా సిమెంటు నేల మీద పడి ముక్కలైంది. రీడ్లు, చెక్కలు, తోలు ముందు వరుస దాకా చెల్లాచెదరయ్యాయి.

జనం కొట్టడం ఆపేశారు. ఇంకెవరిని కొట్టాలో వాళ్ళకి తెలియలేదు.

భీమశంకరరావు ఆయాసపడుతూ వెనక్కి వచ్చి, కింద పడ్డ గవర్రాజు ముందు నిలబడ్డాడు.

"లే. బస్సుకి వేళవుతోంది," అన్నాడు. "ఇంటి దగ్గర మా ఆవిడ పెడుతుంది. ఇక్కడ నువ్వే పెట్టాలి."

గవర్రాజుకి అర్థం కాలేదు. ముసలాయన గడ్డం పైకెత్తాడు. గొంతు కింద చొక్కా గుండీ విడిపోయి ఉంది. గవర్రాజు స్టేజీ స్తంభం పట్టుకుని లేచి, నెత్తురు చేతుల్ని పంచెకి తుడుచుకుని, రెండు చేతులూ ఆయన గొంతు దగ్గరికి తీసుకెళ్ళాడు. గుండీ రెండుసార్లు జారిపోయింది. ఆయన గడ్డం దించకుండా, అతను పెట్టేదాకా అలాగే నిలబడ్డాడు.